ఆల్చిప్పలు నడిచిన దారి

ముక్కుకి రుమాలు కట్టుకుని డ్యాము గేటు గదిలో అడుగుపెట్టిన డిటెక్టివ్‌కి మొదట కనిపించినవి సంకెళ్ళు. ఆ సంకెళ్ళ చేతులతోనే అరవై దగ్గరపడ్డ మనిషి ఒకడు పెద్ద ఇనప చక్రం తిప్పుతున్నాడు. పక్కన ఒక కానిస్టేబులు గోడకి జారబడి టీ తాగుతున్నాడు.

"హత్య చేశాడని పట్టుకున్న మనిషి చేతే పని కూడా చేయిస్తున్నారా?" అన్నాడు డిటెక్టివ్.

"ఏం చెయ్యమంటారు సార్, ఈ చక్రం ఇంకెవరికీ లొంగదు. గేటు సగానికి దించాక స్టేషన్‌కి తీసుకురమ్మన్నారు ఇన్‌స్పెక్టరుగారు," అన్నాడు కానిస్టేబులు, గ్లాసు కింద పెట్టకుండానే.

డిటెక్టివ్‌కి ఒళ్ళు మండింది. పొద్దుటినుంచీ ఆయనకి అన్నీ రోతగానే ఉన్నాయి. అసలే శుభ్రం పిచ్చి మనిషి. జేబులో ఎప్పుడూ ఒక సబ్బుబిళ్ళ ఉంటుంది. పోలీసు శాఖలో అందరూ చాటుగా ఆయన్ని సబ్బుబిళ్ళ అంటారు. మొహం మీద అనే ధైర్యం ఒక్క ఇన్‌స్పెక్టరుకే ఉంది, ఎందుకంటే ఆ మహానుభావుడు ఆయనకి స్వయానా తోడల్లుడు. అక్కాచెల్లెళ్ళని చేసుకున్న పాపానికి ఒకరి మొహం ఒకరు చూడక తప్పడం లేదు.

జరిగింది ఇదీ. ఎప్పుడో రంగుల మిల్లు కోసం కట్టిన డ్యాము ఇది. మిల్లు మూతపడింది, గోడ నెర్రెలు విచ్చింది, చేప పైకి ఎక్కలేదు, నీళ్ళు కిందికి సరిగ్గా పోవు. కూల్చేసి నదిని నదిలా వదిలేద్దామని పైవాళ్ళు తేల్చారు. నిన్న ఉదయం ఆరింటికి అడుగు గేటు ఎత్తి జలాశయాన్ని ఖాళీ చేశారు. నీళ్ళు దిగేసరికి కుడివైపు పాయలో ఒక శవం బురదలో బోర్లా పడి ఉంది, దాని పక్కన తిరగబడ్డ చిన్న పడవ. పోయినవాడు మట్టి ఇంజనీరు. అడుగున పేరుకున్న బురదని తీసి పరీక్ష చేయించడం అతని పని. మనిషి నీళ్ళ మీద ఉన్నాడని తెలిసే గేటు ఎత్తాడని, ఆ లాగుడుకి పడవ తిరగబడిందని చెప్పి గేటు ఆపరేటరుని పట్టుకున్నారు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి గోడకి గండి కొడతారు. కొట్టగానే ఒండ్రంతా ఒక్క ఊపున కొట్టుకుపోవాలని ఇప్పుడు గేటు సగం దించి మళ్ళీ కాసిని నీళ్ళు నిలబెడుతున్నారు. ఒండ్రుతోపాటు శవం దొరికిన చోటూ పోతుంది. ఆ తర్వాత గేటాయన తరఫున సాక్ష్యం చెప్పడానికి బురద కూడా మిగలదు.

గుమ్మం బయట మెట్టు మీద గేటాయన భార్య కూర్చుని ఉంది. డిటెక్టివ్‌ని పిలిపించింది ఆవిడే. "మా ఆయనకి నోట్లో నాలుక లేదు బాబూ, చెయ్యి మాత్రం ఉంది. చెయ్యి ఉన్నంతమాత్రాన హంతకుడైపోతాడా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఆ చెయ్యి ఎవరి మీద పడిందో తెలియాలి.

"మొన్న సాయంత్రం క్యాంటీన్‌లో ఎవర్ని కొట్టారు?" అన్నాడు డిటెక్టివ్.

గేటాయన చక్రం ఆపి చెమట తుడుచుకోబోయాడు. సంకెళ్ళు అడ్డొచ్చాయి. "గోడ కూల్చే కాంట్రాక్టర్ని. ఒక్కటే. నా గేటుని తుక్కు కింద అమ్ముతానన్నాడు."

"మట్టి ఇంజనీరు చొక్కా చిరిగిందట?"

"మధ్యలో అడ్డొచ్చాడు. చిరిగితే చిరిగిందిలే అన్నాడు. మంచి పిల్లాడు. నన్ను పక్కకి తీసుకెళ్ళి, 'పెద్దాయనా, తొందరపడకు, నీ డ్యాము ఇప్పట్లో పోదు' అన్నాడు."

"ఎందుకు పోదట?"

"అడుగు బురద మంచిది కాదన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే జీపొచ్చింది."

"ఎవరి జీపు?"

గేటాయన కానిస్టేబులు వైపు చూశాడు. కానిస్టేబులు టీ గ్లాసులోకి చూశాడు.

"రాత్రి ఏడింటి నుంచి తెల్లారగట్ల ఐదు దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు," అన్నాడు గేటాయన. "గేటు ఎత్తడానికి వేరే మనిషి లేడని మళ్ళీ జీపులోనే తెచ్చి దించారు. మూడుసార్లు సైరన్ కొట్టాను. కిటికీలోంచి చూశాను. నీళ్ళ మీద ఏమీ లేదు. కుడి పాయ ఈ కిటికీకి కనిపించదు, అది నిజమే."

"స్టేషన్‌లో ఉంచినట్టు కేసు రాశారా?"

"ఊరికే కూర్చోబెట్టారండీ. రాయడానికేముంది?"

డిటెక్టివ్ కానిస్టేబులు వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నన్నడక్కండి సార్," అన్నాడతను. "పిల్లలు గలవాణ్ణి."

ఆ రాత్రి మట్టి ఇంజనీరు ఎనిమిదింటికి తన గదిలోంచి బయటికి వెళ్ళడం చూసినవాళ్ళున్నారు. అంటే అప్పటికి గేటాయన కటకటాల వెనక ఉన్నాడు. ఆ చావు గేటు ఎత్తకముందు జరిగిందని తేలితే చాలు, గేటాయన ఇంటికి పోతాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఎవరి కోపమో ఈ ముసలాడి మీద పడిందని డిటెక్టివ్‌కి అర్థమైంది. అర్థమైతే సరిపోదు, చూపించాలి.

కుడి పాయ దగ్గరికి వెళ్ళేసరికి కంపు రెట్టింపైంది. ఇన్నేళ్ళూ నీళ్ళ కింద కుళ్ళినదంతా ఒక్కసారి ఎండకి నోరు తెరిచింది. బురద పైన నల్లగా, లోపల బూడిద రంగులో, జిగట. నడవడానికి చెక్కలు పరిచారు. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అని చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పిన మాట డిటెక్టివ్‌కి ఈ వృత్తిలో రోజూ గుర్తొచ్చేది కానీ ఏనాడూ పనికిరాలేదు. రుమాలు ఇంకాస్త బిగించి చెక్కల మీద నడిచాడు. గేటు సగం దించడం అయిపోయాక గేటాయన్ని చక్రానికే సంకెల వేసి, ఆ కానిస్టేబులే కాపలాగా వెనకాల వచ్చాడు. ఇన్‌స్పెక్టరు తోడల్లుడి మీద కన్నేసి ఉంచమన్నాడట.

పాయకి అడ్డంగా కట్టిన పోలీసు తాడు దగ్గర ఒకావిడ బక్కెట్టు పట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, ఎండకి కమిలిన మొహం. అందరూ చేపల డాక్టరమ్మ అంటారు. ఈ గోడ పడాలని ఇరవై ఏళ్ళుగా తిరిగిన మనిషి. నీళ్ళు దిగిపోయాక బురదలో చిక్కుకున్న చేపల్నీ ఆల్చిప్పల్నీ ఏరి నది ఎగువకి చేర్చడం ఇప్పుడు ఆవిడ పని.

"మీ తోడల్లుడికి చెప్పండి," అంది ఆవిడ, పరిచయం కూడా లేకుండా. "నిన్నటినుంచీ నన్ను ఈ పాయలోకి రానివ్వడం లేదు. గేటు ఎత్తాకే కదా మా పని మొదలు. అన్ని మూలలా ఏరాం, ఇక్కడ మాత్రం ఒక్కదాన్నీ ముట్టుకోనివ్వలేదు. చూడండి, ఎలా చస్తున్నాయో."

డిటెక్టివ్ చూశాడు. బురద నిండా సన్నటి గీతలు. పిల్లవాడు వేలితో గీసినట్టు వంకర్లు తిరుగుతూ, నీళ్ళు దిగిన వైపుకే పోతున్నాయి. ప్రతి గీత చివరా ఒక ఆల్చిప్ప సగం కూరుకుని ఉంది.

"ఈ గీతలు వీటివేనా?"

"అవి నడిచిన దారి. ఆల్చిప్పకి ఉన్నది ఒకటే కాలు. దాన్ని చాపి, బురదలో గుచ్చి, ఒళ్ళంతా లాక్కుంటుంది. రాత్రంతా నడిస్తే మూరెడు పోతుంది. నీళ్ళుంటేనే నడుస్తుంది. నీళ్ళు పోయిన క్షణం మూత వేసుకుని..." ఆవిడ ఆగింది. బక్కెట్టు చెయ్యి మార్చుకుంది. "నాకు అవతల పనుంది. తాడు విప్పిస్తే కబురు చెయ్యండి."

ఆవిడ వెళ్ళాక డిటెక్టివ్ తాడు కింద నుంచి దూరాడు. శవాన్ని తీసిన గుంట ఇంకా అలాగే ఉంది. ఒడ్డు నుంచి ఆ గుంట దాకా బురదలో వెడల్పాటి చాలు ఒకటి ఉంది, బస్తా ఈడ్చినట్టు. పడవ లాగిన గుర్తని పోలీసులు రాసుకున్నారు. పడవ అడుగు అయితే నడుమ లోతుగా గాడి పడాలి. ఇది బల్లపరుపుగా ఉంది. దాని వెంబడే రబ్బరు బూట్ల అడుగులు, మెత్తగా కరిగి అంచులు పోయి ఉన్నాయి.

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్యాంటు పాడైంది. రోత. ఇంకొంచెం వంగాడు.

ఆల్చిప్ప గీత ఒకటి ఆ చాలుని అడ్డంగా దాటుకుని వెళ్ళింది. చాలు మీదుగా, దాని అంచు దిగి, మళ్ళీ ఎక్కి, అవతల జానెడు పైగా నడిచి అక్కడ చిప్ప ఆగింది. పక్కన ఇంకొకటి. అడుగుజాడ నడిబొడ్డులోంచి మరొకటి. అంటే ఆ మనిషిని ఈడ్చినప్పుడు ఇక్కడ మోకాల్లోతు నీళ్ళున్నాయి. ఈడ్చిన తర్వాత కూడా ఈ చిప్పలు తీరిగ్గా గంటల తరబడి నడిచాయి. ఆ తర్వాతే గేటు లేచింది.

"తమ్ముడూ," అన్నాడు తల ఎత్తకుండానే. వెనక బూట్ల చప్పుడు ఎవరిదో ఆయనకి తెలుసు.

"అన్నయ్యగారు బురదలో," అన్నాడు ఇన్‌స్పెక్టరు. చెక్క మీద నిలబడి, బూట్లకి మరక అంటకుండా జాగ్రత్తపడుతున్నాడు. "వదినకి ఫొటో పంపిస్తే నమ్మదు. సబ్బు సరిపోతుందా, తెప్పించమంటావా?"

డిటెక్టివ్ లేచి గీత చూపించాడు. చాలు చూపించాడు. ఏది ముందో ఏది వెనకో చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "మట్టి ఇంజనీరు చచ్చింది రాత్రి. గేటాయన ఏడింటి నుంచి నీ స్టేషన్‌లో ఉన్నాడు. అతనికి సాక్షివి నువ్వే."

ఇన్‌స్పెక్టరు మొహంలో నవ్వు పోయింది, తర్వాత మెల్లిగా తిరిగొచ్చింది. "నా స్టేషన్‌లో ఆ రాత్రి దోమలు తప్ప ఎవరూ లేరు."

"నీ జీపులో తీసుకెళ్ళావు."

"కాగితం చూపించు." ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "కేసు లేకుండా రాత్రంతా మనిషిని కూర్చోబెట్టానని నా నోటితో నేనే చెప్పుకోవాలా? ఉద్యోగం పోతుంది. ఎవరికోసం? రేపో మాపో పని లేకుండా పోయే ఒక గేటువాడికోసం. నత్తలూ చిప్పలూ కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తాయా అన్నయ్యా?"

"నీకు అసహ్యం వెయ్యడం లేదా?"

"నువ్వు శుభ్రమైన మనిషివి, నీకు ప్రతిదీ అసహ్యమే. మాకు అలా కుదరదు." ఇన్‌స్పెక్టరు ఫోను తీశాడు. కాంట్రాక్టరుతో మాట్లాడుతూ తోడల్లుడి కళ్ళలోకే చూశాడు. "నాలుగు దాకా ఎందుకండీ, ఇక్కడ మా పని అయిపోయింది. మూడింటికే కానిచ్చెయ్యండి."

మూడింటికి ఎంతో సేపు లేదు. సగం దించిన గేటు వెనక నీళ్ళు పెరిగి అప్పుడే పాయ మొదట్లోకి నాలుకలా పాకుతున్నాయి. ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు. డిటెక్టివ్ ఫోనుతో చకచకా ఫొటోలు తీశాడు గానీ, వాటిని చూసి నవ్వే వకీలు మొహం కూడా కళ్ళ ముందు కనిపించింది. మట్టి ఇంజనీరు ఎప్పుడు చచ్చాడో చిప్పలు చెప్పాయి. ఎవరు చంపారో చెప్పలేదు.

అప్పుడు కనిపించింది అది. పాయంతా ప్రతి గీత చివరా చిప్ప ఉంది. చాలుకి అటూ ఇటూ, చెయ్యి చాపితే అందే మేర మాత్రం, కొన్ని గీతలకి చివర ఏమీ లేదు. వచ్చి వచ్చి ఒక చిన్న గుంట దగ్గర ఆగిపోయాయి. చిప్పని పైకి తీస్తే మిగిలే గుంట. కాకి ఎత్తుకుపోతే బురద చిందరవందర అవుతుంది. ఇక్కడ వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా, దెబ్బ తగలకుండా తీశారు.

శవాన్ని ఈడుస్తూ, దారిలో కాలి కింద నలుగుతాయేమోనని ఎవరో ఆల్చిప్పల్ని ఏరి పక్కన పెట్టుకున్నారు.

డిటెక్టివ్‌కి అప్పటిదాకా బురద మీద కలిగిన రోత ఏమీ కాదనిపించింది. రుమాలు తీసి పారేసి రేకుల షెడ్డు వైపు పెద్ద అంగలు వేశాడు. కానిస్టేబులు వెనకాల పరిగెత్తాడు.

షెడ్డులో వరసగా నీళ్ళ తొట్లు, వాటిలోకి బుడబుడమని గాలి ఊదే మిషను. డాక్టరమ్మ బల్ల ముందు కూర్చుని ఒక్కో ఆల్చిప్పనీ మెత్తటి బ్రష్షుతో కడుగుతోంది. పసిపిల్లకి మొహం కడుగుతున్నంత శ్రద్ధగా ఉంది. బల్ల మీద గోళ్ళ రంగు సీసాలు.

"ఇవెందుకు?" అన్నాడు డిటెక్టివ్.

"గుర్తుకి. నీళ్ళలో పోదు, చిప్పకి హాని చెయ్యదు. ఏ మూల తీస్తే ఆ మూల రంగు చుక్క పెడతాం. గోడ పక్కవి ఎరుపు, ఎడమ ఒడ్డువి ఆకుపచ్చ, వంతెన కిందవి తెలుపు."

"రంగు తారుమారైతే?"

"కాదు."

"అయితే ఏమవుతుందని అడుగుతున్నాను."

"ఒక్కోదానికి ఒక్కో లోతు, ఒక్కో మట్టి అలవాటు. దానికి సరిపడే చోట దింపాలి. తప్పు చోట దింపితే చచ్చిపోతుంది. నా దగ్గర ఆ తప్పు జరగదు," అంది ఆవిడ, గర్వంగా.

"కుడి పాయకి ఏ రంగు?"

ఆవిడ బ్రష్షు ఆపలేదు. గోడ మీద జలాశయం పటం వేలాడుతోంది. అందులో కుడి పాయకి ఊదా రంగు పూసి ఉంది. డిటెక్టివ్ తొట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. చివరి తొట్టిలో, ఎరుపు చుక్కల చిప్పల అడుగున, చెయ్యి పెట్టి తడిమాడు. జిగటగా ఏదో వేళ్ళకి తగిలితే ఒళ్ళు జలదరించింది. పిడికిలి నిండా తీసి బల్ల మీద పరిచాడు. అన్నిటికీ ఊదా చుక్కలు.

"ఆ పాయలో ఒక్కదాన్నీ ముట్టుకోనివ్వలేదన్నారు," అన్నాడు. "గేటు ఎత్తకముందు మీ పని మొదలే కాలేదన్నారు. మరి ఇవి ఎప్పుడు తీశారు డాక్టరుగారూ?"

గుమ్మంలో కానిస్టేబులు కదలకుండా నిలబడ్డాడు.

"ఎరుపు చుక్క పెట్టేస్తే నాకు తెలిసేది కాదు," అన్నాడు డిటెక్టివ్.

"చెప్పాగా. తప్పు చోటికి పోతాయి."

అంత నిమ్మకు నీరెత్తినట్టు మాట్లాడే మనిషిని ఆయన ఎప్పుడూ చూడలేదు. దొంగలు బుకాయిస్తారు, ఏడుస్తారు, కాళ్ళు పట్టుకుంటారు. ఈవిడ చేతిలో చిప్పని నీళ్ళలోకి వదిలి, చెయ్యి తుడుచుకుంది.

"అతను బురద తెచ్చి ముందు నాకే చూపించాడు," అంది. "అడుగు పొర నిండా మిల్లు వదిలిన విషం ఉందట. కూల్చడం ఆపించాలన్నాడు. పొద్దున్నే పైకి కబురు పంపుతానన్నాడు. ఇరవై ఏళ్ళు. ఎన్ని గుమ్మాలెక్కానో మీకు తెలీదు. ఇవాళ ఆగితే నా జన్మలో ఇంక పడదు ఈ గోడ. పాయ దగ్గరికి పిలిచి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వినకుండా పడవ ఎక్కబోయాడు. తెడ్డుతో ఒక్క దెబ్బే. నీళ్ళలో బోర్లా పడ్డాడు. నేను లేపలేదు."

"గేటాయన్ని ఇరికిద్దామని శవాన్ని లోపలికి ఈడ్చి పడవ తిరగేశారు."

"ఆయన మీద నాకేం కోపం లేదు. మీ తోడల్లుడే ఆయన్ని పట్టుకున్నాడు. నేను కాదనలేదంతే."

"ఆ విషం కిందికి పోతే మీ నది ఏం బాగుపడుతుంది?"

"రెండు వానాకాలాలకి కడుక్కుంటుంది. అందుకే ఇవన్నీ పైకి మోస్తున్నాను."

"కింద ఊరంతా ఈ నీళ్ళే తాగుతుంది."

"మనుషులకి రెండు కాళ్ళున్నాయి," అంది ఆవిడ. "ఎక్కడికైనా పోగలరు. వీటికి ఉన్నది ఒకటే."

డిటెక్టివ్ నోరు చేదుగా అయిపోయింది. అప్పుడే డ్యాము వైపు నుంచి పొక్లెయిన్ రాతిని కొరుకుతున్న చప్పుడు మొదలైంది. షెడ్డు తలుపు వేసి గొళ్ళెం పెడుతుంటే లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది. "గాలి మిషను మాత్రం ఆపకండి."

గేటు గది దాకా ఇద్దరూ పరిగెత్తారు. ఇన్‌స్పెక్టరు అక్కడే ఉన్నాడు, గేటాయన సంకెళ్ళు చక్రం నుంచి విప్పి రెండు చేతులకీ మళ్ళీ బిగించి జీపు ఎక్కించబోతున్నాడు. కిటికీలోంచి గోడ కనిపిస్తోంది. ఒక పక్క రాళ్ళు ఊడి, అప్పుడే ఒక సన్నటి ధార కిందికి దూకుతోంది.

డిటెక్టివ్ ఆయాసపడుతూనే చెప్పాల్సింది చెప్పాడు. ఊదా చుక్కలు, తెడ్డు, అడుగు పొర.

"కట్టుకథ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కానీ కళ్ళు ధార మీదే ఉన్నాయి.

"నేను విన్నాను సార్," అన్నాడు కానిస్టేబులు. "ఆవిడే చెప్పింది. ఆ రాత్రి ఈయన్ని లోపల పెట్టి తాళం వేసింది నేనే సార్. నాకూ పిల్లలున్నారు, మా ఇల్లు కిందే."

"నీ ఇల్లూ కిందే తమ్ముడూ," అన్నాడు డిటెక్టివ్. "మరదలు పొద్దున లేచి పట్టేది ఆ నీళ్ళే. నీ పిల్లలకి తాగించేదీ అవే."

ఇన్‌స్పెక్టరు ధార వైపు ఇంకోసారి చూశాడు. చివరికి గేటాయన వైపు తిరిగాడు. "సైరన్ కొట్టు. పొక్లెయిన్ ఆగుతుంది. గండిలోంచి పోయే నీళ్ళు ఎలా ఆగుతాయి?"

"గేటు మొత్తం ఎత్తితే నీటి మట్టం గండి కిందికి దిగిపోతుంది," అన్నాడు గేటాయన. చక్రం వైపు అడుగు వెయ్యబోయాడు.

మెట్టు మీద కూర్చున్న ఆయన భార్య ఎప్పుడు లేచిందో, చక్రానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"పొద్దున సంకెళ్ళతోనే తిప్పించారు," అంది ఇన్‌స్పెక్టరుతో. "ఇప్పుడు తిప్పడు. ఈ గండం గడిచాక మళ్ళీ హంతకుడే అంటారు. ఆ రాత్రి మా ఆయన ఎక్కడున్నాడో ముందు చెప్పండి. నాకు కాదు." సైరన్ మీట పక్కన కొక్కేనికి తగిలించిన మైకు చూపించింది. నీళ్ళు వదిలేముందు కింద ఒడ్డున ఉన్నవాళ్ళని హెచ్చరించే మైకు అది. "అందులో చెప్పండి. అందరూ వినాలి."

"జరుగు, నువ్వూరుకో," అన్నాడు గేటాయన గొంతు తగ్గించి.

"ఊరుకునే ఇక్కడిదాకా వచ్చాం," అంది ఆవిడ. జరగలేదు.

కిటికీ అవతల ఇంకో రాయి ఊడి పడింది. ధార లావైంది. ఇన్‌స్పెక్టరు తోడల్లుడి వైపు చూశాడు. ఇంట్లో ఏ గొడవకైనా చివరికి అన్నయ్యే సర్దిచెప్తాడని అలవాటు. డిటెక్టివ్ మైకు వైపు చూశాడు. ఆ మొహం మీద జాలి చూపించడానికి ఆయనకి ఆ పూట ఓపిక మిగల్లేదు.

ఇన్‌స్పెక్టరు మైకు అందుకున్నాడు. దగ్గి, మొదలుపెట్టాడు. "మొన్న రాత్రి ఏడు గంటల నుంచి గేటు ఆపరేటరు నా స్టేషన్‌లో ఉన్నాడు. కేసు రాయకుండా నేనే కూర్చోబెట్టాను. మట్టి ఇంజనీరు చావుతో ఇతనికి సంబంధం లేదు." గోడల మీద, గుట్టల మీద పడి ఆ మాటలు రెండోసారి వినిపించాయి. పని చేస్తున్నవాళ్ళందరూ తలలు తిప్పి గేటు గది వైపు చూశారు.

కానిస్టేబులు ఎవరూ చెప్పకుండానే సంకెళ్ళు తీశాడు. గేటాయన మణికట్లు రుద్దుకోలేదు, భార్య వైపు చూడలేదు. ఒక చేత్తో సైరన్ మీట లాగాడు, రెండో చేత్తో చక్రం పట్టుకున్నాడు. పొక్లెయిన్ గోడ మీద కొయ్యబారినట్టు ఆగిపోయింది. ధార ఆగలేదు. అప్పటిదాకా బూడిద రంగులో ఉన్న నీళ్ళు నల్లబడి, వాటిలో ఎరుపూ నీలమూ కలిసిన జిడ్డు చారలు తేలుతున్నాయి. మూతపడ్డ మిల్లు ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ రంగులు వదులుతోంది. ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చేసరికి డిటెక్టివ్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చక్రం కిర్రుమంది. పన్ను తర్వాత పన్ను, నెమ్మదిగా కదిలింది.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అప్పటికే ఇంటికి ఫోను కలుపుతున్నాడు, అవతల ఎవరూ ఎత్తడం లేదు.

"గేటు మొత్తం లేవడానికా? అరగంట."

"ఈ నీళ్ళు ఊరికి చేరడానికి?"

గేటాయన చక్రం మీద నుంచి తల ఎత్తలేదు.

"అంతకంటే తక్కువే సార్," అన్నాడు.